గీతకూ కోతకూ మధ్య
ఇంజనీరింగ్ చదువులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది అనంతపురం జిల్లాలో వేరుశెనగ పండించే కుటుంబం. ఈ ఏడాది డిజైన్, తయారీ అనే సబ్జెక్టులో భాగంగా ఒక చిన్న యంత్రాన్ని సొంతంగా రూపొందించి, చేయించి చూపించాలన్నారు. మా నాయనమ్మ ఏటా విత్తనానికి కాయలు చేత్తో ఒలవడం చూస్తూ పెరిగినవాణ్ని కనుక, చేత్తో తిప్పి వేరుశెనగ కాయలు ఒలిచే యంత్రం చేద్దామని మా నలుగురి జట్టును ఒప్పించాను. కంప్యూటరులో మోడలంతా నేనే గీశాను. స్క్రీను మీద అన్ని భాగాలూ ఒకదానిలో ఒకటి అమరాయి, పిడి తిప్పితే షాఫ్టు తిరిగింది, మాస్టారు కూడా మెచ్చుకున్నారు. కొలతలు ఎంత బిగువుగా ఉంటే డిజైను అంత గొప్పదన్న నమ్మకంతో ప్రతి కొలత పక్కనా ప్లస్ ఆర్ మైనస్ 0.01 మి.మీ. అని వేశాను.

ఆ కాగితాలు పట్టుకుని లేత్ షాపుకు వెళ్తే అక్కడి మేస్త్రి గారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్రేముకు కోసే యాంగిల్ ముక్కకు కూడా పాయింట్ జీరో వన్ ఏమిటి బాబూ?" అని అడిగారు. బేరింగు కూర్చునే గూడు, అంటే హౌసింగులో గ్రీజు నిలవడానికని నేను గీసిన చదరపు గుంట మూలలను వేలితో చూపించి, "ఇంత పదునైన మూల ఏ కట్టరుతో వస్తుందో మీరే చెప్పండి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆయన తనకు తోచిన మార్పులు చేసుకుంటూ వారంలో యంత్రం తయారు చేశారు. మొదటిసారి తిప్పినప్పుడు ఒక బేరింగు షాఫ్టు మీద వదులై జారింది. ఆయన షాఫ్టు మీద ఆ చోట నర్లింగ్ కొట్టి, అంటే గరుకు గీతలు పైకి లేపి, మళ్లీ ఎక్కించారు. ఇప్పుడు యంత్రం తిరుగుతోంది, కాయలు ఒలుస్తోంది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. అయినా అది నా యంత్రమని చెప్పుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. డిజైన్ చేసేవాడు వేరు, తయారు చేసేవాడు వేరు అన్నట్టే ఉంటుందా, లేక నేను నేర్చుకోవలసినదేదో నేర్చుకోకుండానే ఈ సబ్జెక్టు దాటేశానా?
– ఒక విద్యార్థి, అనంతపురం జిల్లా

జవాబు: మార్కులు వచ్చాక కూడా ఈ సందేహం మీకు మిగిలిందంటే సబ్జెక్టు పూర్తిగా వృథా కాలేదు. ప్రాజెక్టు సెంటరులో డబ్బు కట్టి యంత్రాన్నీ రిపోర్టునూ కలిపి కొనుక్కునేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు ఇలాంటి సందేహం రాదు.

ముందుగా ఆ 0.01 సంగతి చూద్దాం, ఎందుకంటే మీ కథలో అసలు తమాషా అందులోనే ఉంది. మీరు అన్ని చోట్లా బిగువుగా రాశారని మేస్త్రి గారు ప్రశ్నించారు కానీ, నిజంగా బిగువు కావలసిన ఒకే ఒక్క చోట మీ డ్రాయింగు వదులుగా ఉంది. మీరు వాడింది 6205 బేరింగు అనుకుంటాను, 25 మి.మీ. షాఫ్టుకు, 52 మి.మీ. హౌసింగుకు బజారులో మామూలుగా దొరికేది అదే. మామూలు తరగతి బేరింగుకు లోపలి రంధ్రం 25 మి.మీ. నుంచి 24.990 మి.మీ. వరకు ఎంతైనా ఉండవచ్చు, అంతకు మించి మాత్రం ఉండదు. మీ డ్రాయింగు ప్రకారం షాఫ్టు 24.99 నుంచి 25.01 వరకు ఉండవచ్చు. అంటే 24.99 మి.మీ. షాఫ్టు మీద 25.000 మి.మీ. రంధ్రమున్న బేరింగు ఎక్కితే రెండింటి మధ్య ఒక పాయింటు, అంటే 0.01 మి.మీ. సందు ఉంటుంది. అది మీ కాగితం ప్రకారం తప్పు కాదు, ఇన్‌స్పెక్షన్‌లో పాసవుతుంది కూడా. బేరింగు జారడానికి మేస్త్రి గారి చేతిలో ఉన్న 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ వెర్నియర్ (అంతకంటే చిన్న తేడాను చూపలేని కొలత పనిముట్టు) కొంత కారణమై ఉండవచ్చు గానీ, జారడానికి అనుమతి ఇచ్చింది మీ డ్రాయింగే.

తిరిగే షాఫ్టు మీద బేరింగు లోపలి రింగు ఎందుకు బిగుతుగా ఉండాలో పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది కానీ, కారణం పట్టికలో ఉండదు. బరువు ఎప్పుడూ ఒకే దిక్కుగా, సాధారణంగా కిందికి, పడుతూ ఉంటుంది. షాఫ్టుతో పాటు లోపలి రింగు తిరుగుతుంది కనుక, రింగు చుట్టుకొలతలోని ప్రతి భాగమూ వంతులవారీగా ఆ ఒత్తిడి కిందికి వస్తుంది. ఆ రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా, రింగు చుట్టుకొలత షాఫ్టు చుట్టుకొలత కంటే అంత మేరకు ఎక్కువ కనుక, ఒక్కో చుట్టుకు కాస్త కాస్త వెనకపడుతూ షాఫ్టును అరగదీస్తుంది. బయటి రింగు హౌసింగులో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. దాన్ని చేత్తో నెట్టి కూర్చోబెట్టగలిగినంత సందుతో వదిలితేనే విప్పడం తేలిక. ఇదంతా తెలిసినవారు షాఫ్టు మీద 25 కె6 అని, హౌసింగులో 52 హెచ్7 అని రాస్తారు. 25 కె6 అంటే 25.002 నుంచి 25.015 వరకు, 52 హెచ్7 అంటే 52.000 నుంచి 52.030 వరకు. గమనించారా, షాఫ్టుకు ఇచ్చిన పరిధి 0.013 మి.మీ. మాత్రమే, మీ ప్లస్ ఆర్ మైనస్ 0.01 కంటే కూడా ఇరుకు. కానీ ఆ ఇరుకు షాఫ్టు మీద బేరింగు కూర్చునే 15 మి.మీ. వెడల్పుకే చాలు. మిగిలిన షాఫ్టంతా 24.8 ఉన్నా ఎవరికీ నష్టం లేదు. పైగా కాస్త తక్కువగా ఉంటేనే బేరింగు దారిలో గీరుకోకుండా తన చోటికి చేరుతుంది.

తక్కిన కొలతలకు ప్రత్యేకంగా ఏమీ రాయనక్కరలేదు. డ్రాయింగు అడుగున "టాలరెన్సు (అటూ ఇటూ ఎంత తేడా ఉండవచ్చో చెప్పే హద్దు) తెలపని కొలతలకు ఐఎస్ఓ 2768, మీడియం" అని అంతర్జాతీయ ప్రమాణాన్ని చూపే ఒక్క వాక్యం రాస్తే, 6 నుంచి 30 మి.మీ. వరకు కొలతకు 0.2, 120 వరకు 0.3, 400 వరకు 0.5 మి.మీ. అటూ ఇటూ వెసులుబాటు వస్తుంది. ఇవి మామూలు లేత్ మీద, మామూలు శ్రద్ధతో వచ్చే కొలతలే. హాక్సాతో కోసి వెల్డింగు చేసే యాంగిల్ ఫ్రేముకు అదీ ఎక్కువే, రెండు మిల్లీమీటర్లు ఇచ్చినా ఫ్రేము నిలబడుతుంది. మన కళాశాలల్లో టాలరెన్సు అనే మాటను పరీక్షలో నిర్వచనంగా అడుగుతారు, ధరగా అడగరు. అదే 25 మి.మీ. షాఫ్టు 0.2 వెసులుబాటుతో లేత్ మీద రెండు కోతల్లో అయిపోతుంది, 0.013 పరిధిలో కావాలంటే మైక్రోమీటరు పట్టుకుని ఆచితూచి కోయాలి, లేదా గ్రైండింగుకు పంపాలి. ఒక్క అంకె మారితే మిషను మారుతుంది, కొలిచే పనిముట్టు మారుతుంది, మనిషి మారతాడు, బిల్లు మారుతుంది.

కొలత గురించి ఇంకొక్క మాట, అది మీ ఎండలకు సంబంధించినది. డ్రాయింగు మీద రాసే కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండవలసిన కొలతలు. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు పదకొండున్నర మైక్రాన్లు (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది. అప్పుడే బోరింగు చేసి (రంధ్రాన్ని లోపల కోసి కొలతకు తెచ్చి) చక్‌లోంచి, అంటే లేత్ మీద ముక్కను పట్టి తిప్పే బిగింపులోంచి, తీసిన హౌసింగు చేతికి చురుక్కుమనేంత వేడిగా, అంటే 60 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిస్తే, 52 మి.మీ. రంధ్రం 20 డిగ్రీలకు చల్లారాక ఉండే కొలత కంటే సుమారు 0.024 మి.మీ. పెద్దదిగా కనబడుతుంది. హెచ్7 ఇచ్చిన మొత్తం పరిధే 0.030. వేడి మీద సరిపోయిందని సంతోషించి పక్కన పెట్టిన హౌసింగులోకి టీ తాగి వచ్చాక బేరింగు దిగకపోవడం నేను ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే చూశాను.

ఇక ఆ చదరపు గుంట. తిరిగే కట్టరు గుండ్రంగా ఉంటుంది కనుక అది తిరిగిన మూల కూడా గుండ్రంగానే మిగులుతుంది, 6 మి.మీ. వ్యాసం ఉన్న ఎండ్ మిల్ అనే కట్టరుతో కోస్తే మూలలో 3 మి.మీ. వ్యాసార్ధం తప్పదు. మూల మరీ చిన్నది కావాలంటే సన్నని కట్టరు కావాలి, సన్నని కట్టరు లోతుకు వెళ్తే వంగుతుంది; దాని వ్యాసానికి మూడు నాలుగు రెట్ల లోతు దాటితే ఇబ్బందులు మొదలవుతాయి. పదునైన లోపలి మూల అసాధ్యమని కాదు, స్లాటింగ్ మిషనుతోనో, విద్యుత్ స్పార్కుతో లోహాన్ని తొలిచే ఈడీఎం మిషనుతోనో తీయవచ్చు. కానీ గ్రీజు నిలవడానికి అంత ఖర్చు ఎందుకు? గ్రీజుకు మూలలతో పని లేదు, లేత్ మీద బోరింగు టూలుతో ఒక గుండ్రని గాడి తీస్తే హౌసింగును చక్‌లోంచి విప్పకుండానే పని అయిపోతుంది. కంప్యూటరులో చదరం గీయడమూ వృత్తం గీయడమూ ఒకే ఒక్క క్లిక్కు కావడం వల్ల ఈ తేడా మీకు తెలియలేదు. ఆ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న ఫిర్యాదు అదే: అందులో దేనికీ శ్రమ ఉండదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. మేస్త్రి గారు తనకు తోచినట్టు మార్చారని రాశారు. ఆయన ఏమేమి మార్చారో, ఎందుకు మార్చారో రాయలేదు, బహుశా అడగలేదు. ఫ్రేమును పూర్తిగా వెల్డింగు చేశాక హౌసింగులు బిగించారా, ముందే బిగించి ఆపైన వెల్డింగు చేశారా? వెల్డింగు వేడికి ఫ్రేము ఎటో ఒకవైపు గుంజుకుంటుంది. అనుభవమున్నవారు షాఫ్టునూ హౌసింగులనూ కూర్చోబెట్టి, చుక్కలు చుక్కలుగా అతికించి, చేత్తో తిప్పి చూస్తూ, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క వెల్డింగు పూర్తి చేస్తారు. షాఫ్టు మీద రెండు చివర్లలోని బేరింగు చోట్లనూ మధ్యలో విప్పకుండా, షాఫ్టు రెండు కొనలనూ పట్టే లేత్ సెంటర్ల మధ్య ఒకే సెట్టింగులో తిప్పి ఉంటే, అవి ఒకే అక్షం మీద ఉండడానికి కారణం ఆ నిర్ణయమే. మీ డ్రాయింగులో అక్షం గురించి ఒక్క గుర్తు కూడా ఉండి ఉండదు. జల్లెడ పట్టీకి మీరు గుండ్రని రంధ్రాలు గీస్తే ఆయన కోడిగుడ్డులా సాగదీసిన రంధ్రాలు పెట్టి ఉండవచ్చు, కాయ లావును బట్టి సందు సర్దుకోవడానికి. ఇవేవీ కేవలం చేతిపని కావు. ఇవన్నీ డిజైను నిర్ణయాలు. మీరు కాగితం మీద ఖాళీగా వదిలిన చోట్లను ఆయన పూరించారు, అంతే. కనుక మీ యంత్రానికి డిజైనర్లు ఇద్దరు.

నర్లింగ్ సంగతి మాత్రం వేరు. అరిగిపోయిన పాత షాఫ్టును నాలుగు నెలలు నడిపించడానికి అది పనికొచ్చే ఉపాయం. కొత్త యంత్రానికి తగదు. నర్లింగ్ పైకి లేపిన గీతల కొనల మీదే బేరింగు నిలుస్తుంది, ఆ కొనలు అణిగిపోగానే మళ్లీ వదులవుతుంది.

నేనైతే ఆ హౌసింగునే గీసేవాణ్ని కాదు. చేత్తో తిప్పే, దుమ్ములో పనిచేసే, ఊళ్లో బాగు చేసుకోవలసిన యంత్రానికి బజారులో బేరింగు, హౌసింగు కలిపి రెడీగా దొరికే ప్లమర్ బ్లాకు చాలు. యూసీపీ 205 అని అడిగితే 25 మి.మీ. షాఫ్టుకు సరిపడేది ఇస్తారు. అందులో బేరింగును షాఫ్టుకు చిన్న గ్రబ్ స్క్రూలతో బిగిస్తారు కనుక కె6 గొడవ లేదు. బేరింగు బయటి ముఖం బంతిలా గుండ్రంగా ఉండి హౌసింగులో కొద్దిగా ఒరుగుతుంది కనుక వెల్డింగులో ఫ్రేము కాస్త వంకర పోయినా షాఫ్టు బిగుసుకోదు. పాడైతే మీ నాయనమ్మగారి ఊళ్లో ట్రాక్టరు మెకానిక్కే మార్చగలడు. ఏ భాగాన్ని తయారు చేయాలో తేల్చడం ఎంత డిజైనో, ఏ భాగాన్ని కొనాలో తేల్చడం కూడా అంత డిజైనే. దీనికి ఎక్కువ మార్కులు వేసే అధ్యాపకులు మనకు ఇంకా రావాలి.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డిజైన్, తయారీ అన్న ఇదే పేరుగల కోర్సులో విద్యార్థులు జట్లుగా యో-యో బొమ్మను రూపొందించి, దానికి అచ్చులు తామే మిషను మీద కోసి, ప్లాస్టిక్ పోసి, ఒకటి రెండు కాదు, పదుల సంఖ్యలో తయారు చేస్తారు. బొమ్మే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కటి మాత్రమే చేసినప్పుడు సరిపడకపోతే ఆకురాయితో రాసి అమర్చుకోవచ్చు. పదులు చేసేటప్పుడు ఏ సగమైనా ఏ సగంతోనైనా కలవాలి, ప్రతి ముక్కా కాస్త తేడాగా వస్తుంది, ఆ తేడాను ముందే ఊహించి గీయాలి. మన ప్రాజెక్టులన్నీ ఒక్కటే చేసి, ఒక్కసారి తిప్పి చూపించి, స్టోరు గదిలో పెట్టేవి. అందుకే టాలరెన్సు మనకు నిర్వచనంగానే మిగిలిపోతోంది.

మీరిప్పుడు చేయవలసిన పని ఒకటుంది. మీ డ్రాయింగు ప్రింటు తీసుకుని, ఎర్ర కలం పట్టుకుని, రద్దీ లేని వేళ చూసుకుని మేస్త్రి గారి దగ్గరకు మళ్లీ వెళ్లండి. యంత్రాన్నీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న ప్రతి చోటా ఎర్రగా రాసుకుని, ఎందుకలా చేశారని అడగండి. కొన్నింటికి ఆయన చక్కటి కారణం చెబుతారు, కొన్నింటికి "అలవాటు" అంటారు, ఒకటి రెండు చోట్ల మీరు గీసిందే మేలని కూడా తేలవచ్చు. తర్వాత ఉన్న యంత్రానికి సరిపోయేలా డ్రాయింగు మొత్తం మళ్లీ గీసి, ఆయనను ఎరగని ఇంకొక లేత్ షాపులో ఇచ్చి, మీరు నోరు విప్పకుండా ఖర్చు ఎంతవుతుందో అడగండి. వాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగితే మీ డ్రాయింగులో ఇంకా అన్ని ఖాళీలు ఉన్నట్టు.

ఒక కిలో కాయలు పోసి తిప్పి, ముక్కలైన పప్పును, ఒలవకుండా మిగిలిన కాయను, చెక్కుచెదరని గింజను విడివిడిగా తూచి మాకు రాయండి. పప్పు నూనెకైతే ముక్కలైనా పరవాలేదు, విత్తనానికైతే పొర చిట్లినా మొలక దెబ్బతింటుంది. మీ నాయనమ్మగారు చేత్తో ఒలవడానికి కారణం అదే. ఆ కారణం మీ డ్రాయింగులో ఏ కొలతగా కనబడుతోందో కూడా రాయండి.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. మా బ్యాచిలో అమ్మాయిలం ఇద్దరమే. వర్క్‌షాపులో లేత్ దగ్గరకు వెళ్తే "మీరు రీడింగులు రాయండమ్మా, మిషను వాళ్లు నడుపుతారు" అంటున్నారు. గొడవ పెట్టుకోకుండా నా వంతు ఎలా అడగాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: గొడవ కాకపోవచ్చు గానీ, గట్టిగానే అడగాలి. జట్టులో రీడింగులు రాసేవారు వారం వారం మారాలని, ఆ వంతుల పట్టిక రికార్డు పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలని మీ ఇన్‌స్ట్రక్టరు గారిని లిఖితపూర్వకంగా కోరండి. పట్టిక ఉంటే ఎవరూ ఎవరికీ దయ చూపనక్కరలేదు.

మీ వంతు రోజున మిషను దగ్గరకు వట్టి చేతులతో వెళ్లకండి. ఏ కోత తర్వాత ఏ కోతో, ఏ టూలుతోనో, ఎంత వేగంతోనో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఉదాహరణకు 25 మి.మీ. మైల్డ్ స్టీలు కడ్డీని హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) టూలుతో తిప్పుతారనుకుందాం. కోత వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే, దాన్ని మి.మీ.ల్లోకి మార్చిన ముప్పై వేలను వ్యాసంతోనూ, 'పై' విలువ 3.14తోనూ భాగిస్తే నిమిషానికి సుమారు 380 చుట్లు వస్తాయి. గేరు పలక మీద దానికి దగ్గరగా, కాస్త తక్కువగా ఉన్న వేగాన్ని ఎంచుకోండి. ఈ లెక్క చేతిలో ఉన్నవారికి మిషను ఇవ్వననడం ఎవరికైనా కష్టమే.

చున్నీ తీసి పక్కన పెట్టండి, జడను టోపీ లోపలికి ముడవండి, గాజులు, ఉంగరాలు తీయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. చేతికి తొడుగులు మాత్రం వేసుకోవద్దు. తిరిగే చక్ తొడుగును పట్టుకుంటే చేయీ దాంతోపాటే వెళ్తుంది. చక్ తాళాన్ని చక్‌లో వదిలి మిషను ఆన్ చేయకండి. కోసిన లోహపు పొట్టు చుట్టలు చుట్టలుగా వస్తే చేత్తో లాగకండి, కొక్కెంతో తీయండి. ఈ మాటలు అబ్బాయిలకూ వర్తిస్తాయి, పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని లేత్ ముందు నిలబడేది ఎక్కువగా వాళ్లే.

ప్రశ్న: మా కళాశాలలో రెండు 3డి ప్రింటర్లు కొన్నారు. గీసింది గీసినట్టు వస్తున్నప్పుడు లేత్, మిల్లింగు, ఫౌండ్రీ అంటూ ఈ పాత ప్రాక్టికల్స్ ఇంకా ఎందుకు?
– బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థి, కరీంనగర్

జవాబు: గీసింది గీసినట్టు వస్తోందా? ఒక 10 మి.మీ. రంధ్రాన్ని ప్రింటు చేసి వెర్నియరుతో కొలవండి. చాలావరకు పదికి కాస్త తక్కువే వస్తుంది, ఎందుకంటే కరిగిన ప్లాస్టిక్ తీగ వంపులో లోపలికి లాక్కుంటుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది కూడా. నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి ఒరిగిన గోడకు కింద ఆధారం కావాలి, ఆ ఆధారాన్ని విరిచిన చోట గరుకు మిగులుతుంది. పొరల మీద పొరలుగా పేర్చిన వస్తువు పొరల వెంట ఉన్నంత బలంగా పొరల మధ్య ఉండదు. అదే కొక్కేన్ని పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి ప్రింటు చేసి బరువు వేలాడదీస్తే ఏది ముందు విరుగుతుందో మీరే చూస్తారు. సాధారణంగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే సాయంత్రానికి దాని ఆకారం మీరు గీసినది కాదు.

అంటే ప్రింటరుకు కూడా దాని నియమాలు దానికున్నాయి. ఏ ప్రక్రియకైనా ఉంటాయి. పోతపోసే వస్తువుకు అచ్చులోంచి నమూనా ఊడి రావడానికి గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వాలి. పోతఇనుము చల్లారుతూ దాదాపు నూటికి ఒక వంతు ముడుచుకుంటుంది కనుక నమూనాను అంత పెద్దదిగా చేయాలి. రేకును మరీ పదునుగా వంచితే వంపు బయటివైపు చిట్లుతుంది కనుక లోపలి వంపుకు కనీసం రేకు మందమంత వ్యాసార్ధం ఇవ్వడం వాడుక. ఒకే బ్రాకెట్టును పోతకు ఒకలా, రేకుకు ఒకలా, మిల్లింగుకు ఒకలా, ప్రింటరుకు ఒకలా గీయాలి. ఆ నాలుగు బొమ్మలు పక్కపక్కన గీయగలిగిన రోజున పాత ప్రాక్టికల్స్ ఎందుకని మీరు అడగరు. నమూనాలు త్వరగా చేసి చూసుకోవడానికి ప్రింటరును మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల నమూనాల తయారీ కేంద్రం. నమూనాల కోసమే కట్టిన అలాంటి చోట కూడా ప్రింటర్లతోపాటు లోహాన్ని కోసే మిషన్లు, వెల్డింగు, వడ్రంగం అన్నీ పెట్టారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫిక్స్చరు (పని ముక్కను మిషను మీద కదలకుండా పట్టి ఉంచే అమరిక) గీశాను. భాగాలన్నీ అమరాయి, లెక్కలన్నీ సరిపోయాయి. తయారై వచ్చాక ఫోర్‌మన్ గారు నా చేతికి ఒక స్పానరు ఇచ్చి, "ఆ మూల బోల్టు బిగించు నాయనా" అన్నారు. బోల్టు ఉంది, రంధ్రం ఉంది, స్పానరు తిరగడానికి చోటు లేదు. ఆ రోజుల్లో ప్రింటరు ఉండి ఉంటే నా తప్పు ఒక్క పూటలో, వంద గ్రాముల ప్లాస్టిక్‌తో బయటపడేది. ప్రింటరును అందుకు వాడండి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ పూర్తి చేశాడు. అచ్చులు, టూల్స్ డిజైన్ మీద ఇష్టమంటున్నాడు. మన దగ్గర అలాంటి శిక్షణ ఇచ్చే చోట్లు ఉన్నాయా? మా చిన్నవాడు ఇంటర్ చదువుతున్నాడు, అతనికి కూడా ఏదైనా చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పెద్దబ్బాయికి హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ తగిన చోటు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో కేంద్ర ప్రభుత్వం 1968లో దాన్ని నెలకొల్పింది. అక్కడ బోధనతోపాటు పరిశ్రమల కోసం నిజంగా టూల్స్, అచ్చులు తయారు చేసే టూల్ రూము కూడా ఉంది. చుట్టూ బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడలు ఉండడం ఇంకొక పాఠశాల కింద లెక్క. చేరే ముందు మీవాణ్ని ఒక రోజు ఆ వీధుల్లో నడిపించండి. మిషన్ల చప్పుడు, కూలెంటు వాసన భరించలేననిపిస్తే ఫీజు కట్టక ముందే తెలియడం మంచిది.

చిన్నవాడు జేఈఈ రాస్తున్నట్టయితే, డిజైన్, తయారీ అనే రెండు మాటలనూ పేరులోనే పెట్టుకున్న ట్రిపుల్ ఐటీలు మూడున్నాయి: జబల్‌పూర్‌లో 2005లో, కాంచీపురంలో 2007లో, మన కర్నూలులో 2015లో మొదలయ్యాయి. పేరు చూసి చేర్పించకండి. మొదటి రెండేళ్లలో విద్యార్థి స్వయంగా మిషను మీద ఎన్ని గంటలు పనిచేస్తాడో అక్కడ చదువుతున్న పిల్లలను అడిగి తెలుసుకోండి. ఏ కళాశాలకైనా నేను అడగమని చెప్పే మొదటి ప్రశ్న అదే.

ప్రశ్న: ప్రాజెక్టు పని కోసం సొంతంగా ఒక వెర్నియర్ కొనుక్కోవాలనుకుంటున్నాను. మామూలుదా, డిజిటల్‌దా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: డిజిటల్‌ది కొనండి, తప్పు లేదు. తెర మీద 0.01 వరకు అంకె కనిపించినంత మాత్రాన అది అంత కచ్చితంగా కొలుస్తోందని అనుకోకండి. చాలా రకాల్లో రెండు మూడు పాయింట్ల, అంటే 0.02, 0.03 మి.మీ. తేడా మామూలే. బేరింగు కూర్చునే చోటుకు మైక్రోమీటరే కావాలి, దాన్ని కళాశాలలో అడిగి తీసుకోండి. కొలిచే ప్రతిసారీ దవడలు తుడిచి, మూసి, సున్నా చూపిస్తోందో లేదో చూసుకోండి. ఒక బ్యాటరీ బిళ్ల అదనంగా డబ్బాలో పెట్టుకోండి.